పట్టా కింద హెరాల్డ్: గుంటూరు నుంచి ఆటోనగర్ దాకా ఐదు రోజులు

మొదటి రోజు, గుంటూరు

రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే తుమ్ములు మొదలయ్యాయి. ఫిబ్రవరిలో గుంటూరు అంతే. యార్డుకు మిర్చి టిక్కీలు దిగే కాలం, ఊరంతా ఘాటు. ఆటో ఎక్కి కొత్తపేటలో మావయ్య ఇంటికి చేరేసరికి అత్తయ్య పెసరట్టు పోస్తోంది. తిన్నాను కానీ మనసంతా పెరట్లోని రేకుల షెడ్డు మీదే ఉంది.

ఆ షెడ్డులో మావయ్య స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉంది. రెండు తలుపులది, లేత నీలం రంగు. 1974లో తెనాలిలో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాడు. కాలేజీలో లెక్కలు చెప్పే రోజుల్లో దాని మీదే వెళ్లి వచ్చేవాడు. మద్రాసులో దాన్ని తయారు చేసిన స్టాండర్డ్ కంపెనీ 1988లో కార్ల ఉత్పత్తి ఆపేసింది. విడిభాగాలు దొరకడం కష్టమైంది. 1989లో ఒకరోజు బ్రేకులు పూర్తిగా పోయాయి. షెడ్డులోకి తోసి, మీద పట్టా కప్పాడు. అప్పటి నుంచి ఆ పట్టా మీద అత్తయ్య వడియాలు ఎండబెడుతోంది.

"అమ్మేయమని ఎంతమంది అడిగారో తెలుసా? ఇనుము తూకానికి!" అంది అత్తయ్య. ఆమె గొంతులో కోపం లేదు. అమ్మనందుకు సంతోషమే కనిపించింది.

పట్టా తీశాం. దుమ్ము, ఎలుక గూడు, నాలుగు టైర్లూ నేలకు అంటుకుపోయి ఉన్నాయి. అయినా దాని గీత చెక్కుచెదరలేదు. దీపాల మీద కనురెప్పల్లా వంగిన రేకు, వెనక సన్నగా లేచిన రెక్కలు. ఇటలీలో టూరిన్ నగరానికి చెందిన జొవాన్నీ మికెలొట్టి గీసిన బొమ్మ ఇది. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో వచ్చింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అయింది.

ఇంజన్ పట్టేసిందేమోనని నా భయం. మావయ్య ఏమీ మాట్లాడకుండా బానెట్ తెరిచాడు. హెరాల్డ్ బానెట్ మామూలు కార్లలా లేవదు. మడ్‌గార్డులతో, దీపాలతో సహా ముందు భాగం మొత్తం ముందుకు ఒరిగిపోతుంది. ఇంజన్, ముందు చక్రాలు, స్టీరింగ్ అన్నీ బయటపడతాయి. పక్కన టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. మావయ్య ఫ్యాన్ రెక్క పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు. తిరిగింది.

"ప్రతి దసరాకీ ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి తిప్పుతున్నాను రా. కొబ్బరికాయ కొట్టాక అదే పూజ" అన్నాడు.

ముప్పై ఏళ్లకు పైగా ఏడాదికోసారి. నాకు గొంతు పట్టేసింది.

సాయంత్రం అరుగు మీద కూర్చుని పాత కబుర్లు చెప్పాడు. ఈ వీధిలో, ఇంటి ముందు, రివర్స్ చేయకుండా ఒకే తిప్పుడులో కారు తిప్పేవాడట. అత్తయ్య నవ్వింది. పక్కింటి పిల్లలు అసలు నమ్మలేదు. ఈ వీధిలో ఇవాళ స్కూటర్ తిప్పడమే కష్టం. "నమ్మకపోతే మానండి" అని మావయ్య లోపలికి వెళ్లిపోయాడు.

రెండో రోజు, విజయవాడ దారి

హైదరాబాద్‌లో ఒక షాపులో ఈ కారు గురించి అడిగితే, పాత ఇంజన్ పీకేసి మారుతీ ఇంజన్ వేసుకోమన్నారు. అది నాకు నచ్చలేదు. విజయవాడ ఆటోనగర్‌లో పాత చేతులు ఇంకా ఉన్నాయని ఒక లారీ ఓనరు చెప్పాడు. అందుకే ఈ ప్రయాణం.

వ్యాను మీదకు ఎక్కించడానికే ఉదయం గడిచిపోయింది. టైర్లకు గాలి నిలవలేదు, వేరే చక్రాలు అడ్డం పెట్టి వించితో లాగాం. మావయ్య రానన్నాడు. "ఆస్పత్రికి తీసుకెళ్తున్నట్టుంది, నేను చూడలేను. బాగయ్యాక పిలువు" అన్నాడు.

కాజ టోల్‌గేటు దగ్గర ముందు వ్యాను, వెనక నేను. మంగళగిరి దాటాక టీ కోసం ఆగాం. ఒక పెద్దాయన సైకిల్ దిగి వ్యాను చుట్టూ తిరిగాడు. "హెరాల్డ్ కదండీ? మా ఊరి కరణం గారికి ఉండేది" అన్నాడు. బానెట్ మీద దుమ్ములో వేలితో ఒక గీత గీసి రంగు చూసుకున్నాడు. దారిలో ఇంకెవరూ దాన్ని గుర్తుపట్టలేదు. అంబాసిడర్‌కీ, ఫియట్‌కీ దక్కిన జ్ఞాపకం దీనికి దక్కలేదు.

వారధి దాటి, బెంజ్ సర్కిల్ మీదుగా ఆటోనగర్ చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఇది 1960ల్లో మొదలైన పేట. లారీ బాడీలు కట్టేవాళ్లు, కమాను కట్టలు కొట్టేవాళ్లు, లేత్ మిషన్లు, రేడియేటర్లు, రెగ్జిన్, రంగులు, పాత ఇనుము. ఒక్కో వీధిలో ఒక్కో చప్పుడు. మా మేస్త్రి షెడ్డు ఒక సన్నటి సందు చివర ఉంది. డెబ్బై దాటిన మనిషి. కారును చూడగానే చెప్పులు విడిచి దగ్గరికొచ్చాడు.

"ఎవరిది బాబూ ఇది?"

"మా మావయ్యదండీ. మాస్టారు."

"ఇంజన్ తిరుగుతుందా?"

"తిరుగుతుందండీ."

"అయితే బతికే ఉంది" అని బానెట్ గడులు రెండూ తనే విప్పాడు. ఎక్కడుంటాయో వెతకలేదు.

మూడో రోజు, ఆటోనగర్

ఈ రోజు గురించి ఎక్కువ రాస్తాను. వచ్చింది కారు బాగు చేయించుకోవడానికే అయినా, మన మామూలు కార్లకు జనం మర్చిపోయిన స్పోర్ట్స్ కార్ల చుట్టరికం ఉందని ఇన్నేళ్లుగా నాలో ఉన్న మాటను ఈ రోజు కళ్లారా చూశాను.

మేస్త్రి కుర్రాళ్లు కారును స్టాండ్ల మీద ఎత్తి కింద దీపం పెట్టారు. హెరాల్డ్‌కి అడుగున విడిగా ఛాసిస్, అంటే కారును మోసే ఇనుప చట్రం, ఉంటుంది. దాని మీద బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది. దీని వెనక ఒక కథ ఉంది. స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీకి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లోను 1953లో పోటీదారు బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ కొనేసింది. కొత్త కారుకు బాడీ ఎక్కడ చేయించాలి? ఒకేచోట మొత్తం బాడీ కొట్టించే దారి లేదు. అందుకని కంపెనీ ఇంజనీరు హ్యారీ వెబ్‌స్టర్ బృందం విడి ఛాసిస్ పెట్టి, ముక్కలు వేర్వేరు చోట్ల చేయించి, బోల్టులతో కలిపింది. ఆ గత్యంతరం లేని పనే మనకు వరమైంది. ముక్కలుగా పంపి వేరే దేశంలో బిగించుకోవడానికి అది సరిగ్గా సరిపోయింది. మద్రాసుకు వచ్చిందీ అలాగే. నేడు ఆటోనగర్‌లో తుప్పు పట్టిన ముక్కను మాత్రం విప్పి బాగు చేయగలుగుతున్నామంటే కారణం కూడా అదే.

ఇంకో వరం ఉంది. ఛాసిస్ విడిగా ఉంటే దాని మీద వేరే ఒళ్లు పెట్టుకోవచ్చు. ఇదే ఛాసిస్‌ను ఎనిమిదిన్నర అంగుళాలు పొట్టి చేసి, దాని మీద మికెలొట్టి చేతే రెండు సీట్ల ఓపెన్ కారు గీయించారు. అదే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. డబ్బుల్లేక మొదటి నమూనాను ఫ్యాక్టరీ మూలన గుడ్డ కప్పి వదిలేశారు. 1961లో కంపెనీని లేలాండ్ కొన్నాక, కొత్త యాజమాన్యం తరఫున వచ్చిన స్టాన్లీ మార్క్‌ల్యాండ్ ఫ్యాక్టరీ తిరిగి చూస్తూ ఆ గుడ్డ తీయించాడు. చూసి, తయారు చేయమన్నాడు. 1962లో అమ్మకానికి వచ్చి 1980 దాకా నడిచింది, మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. మావయ్య షెడ్డులో పట్టా లాగినప్పుడు నాకు ఈ సంగతే గుర్తొచ్చింది.

ఆ స్పిట్‌ఫైర్‌కే పైకప్పు వేసి, ఆరు సిలిండర్ల రెండు లీటర్ల ఇంజన్ పెడితే 1966లో జీటీ6 వచ్చింది. వెనక్కి వాలే ఆ కప్పు, ఇంజన్ కోసం ఉబ్బిన ఆ బానెట్. ఖరీదైన జాగ్వార్ ఈ-టైప్ స్పోర్ట్స్ కారుతో పోల్చి దాన్ని 'పేదవాడి ఈ-టైప్' అన్నారు. ఆ మాటే దాన్ని దెబ్బ కొట్టిందని నా అభిప్రాయం. ఆ జాగ్వార్ పక్కన నిలబెట్టి చూడడం అలవాటైపోయింది కానీ, దాన్ని దానిగా చూసినవాళ్లు తక్కువ. చిన్న కారు, కొలతలు కుదిరిన కారు. ఏ కోణం నుంచి చూసినా కన్ను ఎక్కడా ఆగిపోదు.

మేస్త్రి కారు వెనక అడుగున పడుకుని నన్నూ పిలిచాడు. "ఇది చూడు బాబూ. దీని గుణం, దీని దోషం రెండూ ఇక్కడే ఉన్నాయి."

హెరాల్డ్ వెనక చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసు మీద ఉండవు. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ మధ్యలో ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దానికి రెండు వైపులా చెరో సగం ఇరుసు, లోపలి చివర కీలు. పైన అడ్డంగా ఒకే కమాను కట్ట. గుంతలో ఒక చక్రం లేచినా రెండోదానికి తెలియదు. 1959లో అంత చవక కారులో ఇది గొప్ప విషయం. కానీ మలుపులో వేగంగా పోతూ ఉన్నట్టుండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే బండి వెనక భాగం పైకి లేస్తుంది. లేచేకొద్దీ చక్రం అడుగు లోపలికి మడుచుకుంటుంది. టైరు అంచు మీద నిలబడుతుంది, పట్టు పోతుంది, తోక బయటికి కొట్టేస్తుంది.

నేను వెంటనే మావయ్యకు ఫోన్ చేశాను. "అవున్రా, అమరావతి రోడ్డులో ఒకసారి అయింది" అన్నాడు. మలుపులో గేదె అడ్డం వస్తే కాలు తీశాడట. కారు తిరిగి ఎదురు ముఖం పెట్టి నిలబడిందట. పక్కన అత్తయ్య. ఆ తర్వాత ఎప్పుడూ మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, మలుపులో కాలు నిలకడగా ఉంచేవాడు. ఈ జాగ్రత్త ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇదే దోషం స్పిట్‌ఫైర్‌లోనూ, మొదటి జీటీ6లోనూ ఉంది. జీటీ6లో 1968లో చక్రాన్ని పట్టి ఉంచేలా కింద అదనపు ఇనుప చేతులు పెట్టి సరిచేశారు. స్పిట్‌ఫైర్‌కు 1970లో కమాను కట్టనే మార్చి, పై పట్టీలు మాత్రమే మధ్యలో ఊగేలా చేశారు. మన దగ్గర మాత్రం 1972లో హెరాల్డ్ స్థానంలో వచ్చిన గజెల్ కారుకు గట్టి ఇరుసు వేసేశారు. మన రోడ్లకూ మన మెకానిక్‌లకూ అదే తేలిక. తప్పు పట్టను. కానీ స్పోర్ట్స్ కారుతో మనకున్న ఆఖరి బంధం అలా పోయింది.

భోజనం తర్వాత మేస్త్రి మనవడితో కలిసి పాత ఇనుము కొట్ల మీద పడ్డాను. బ్రేకుల వీల్ సిలిండర్లు దొరుకుతాయేమోనని. అవి దొరకలేదు కానీ నా కళ్లకు వేరే ఆస్తి దొరికింది.

ఒక కొట్లో ప్రీమియర్ 118 ఎన్‌ఈ పడి ఉంది, తలుపులు లేవు. 1985లో వచ్చినప్పుడు నిస్సాన్ ఇంజన్ అని జనం ఎగబడిన కారు. దాని డబ్బాలాంటి ఒళ్లు ఫియట్ 124ది. ఆ 124కి ఇటలీలో ఇద్దరు అందమైన తోబుట్టువులు ఉన్నారు, పైకప్పు తెరుచుకునే స్పైడర్, కప్పున్న రెండు తలుపుల స్పోర్ట్ కూపే. స్పైడర్‌ను ఇప్పటికీ అందరూ తలుచుకుంటారు. మారియో బొయానో గీసిన కూపేను మర్చిపోయారు. నలుగురు కూర్చునే స్పోర్ట్స్ కారు, సన్నటి స్తంభాలు, చుట్టూ అద్దం, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. ఇంజన్ చేసినవాడు అంతకుముందు ఫెరారీ ఇంజన్లు చేసిన ఆరేలియో లాంప్రెడి. తుప్పు తినేయడంతో ఎన్నో పోయాయి. మిగిలినవాటికైనా స్పైడర్‌కు దక్కే గౌరవంలో సగం దక్కాలి.

ఇంకో చోట ఫైబర్ బాడీ ముక్క కనపడితే సిపానీ డాల్ఫిన్‌దేమోనని పరుగెత్తాను. కాదు, ఏదో వ్యానుది. కానీ ఆ కుర్రాడికి డాల్ఫిన్ గురించి చెప్పాను. బెంగళూరులో 1982లో మొదలైన రెండు తలుపుల కారు. 848 సీసీ ఇంజన్, తేలికైన ఒళ్లు, షోలవరం రేసుల్లో పరుగెత్తింది. దాని మూలం ఇంగ్లండులోని రిలయంట్ కంపెనీ కిట్టెన్. అదే రిలయంట్ 1968లో సిమిటార్ జీటీఈ చేసింది. టామ్ కారెన్ గీత. ముందు స్పోర్ట్స్ కారు, వెనక సామాన్లు పట్టే ఇల్లు. బ్రిటన్ యువరాణి ఆన్‌కు ఆ కారంటే ఇష్టం, ఒకదాని తర్వాత ఒకటి ఎన్నో వాడింది. అయినా మూడు చక్రాల కార్లు చేసే కంపెనీ అని చాలామంది దాని వైపు చూడలేదు. నాకు బాధ కలిగించే విషయం ఇది. కంపెనీ పేరు చూశారు, కారును చూడలేదు.

చీకటి పడేముందు ఒక కాంటెస్సా కారు చూశాం. ఇసుజు 1.8 ఇంజనుది. ఇసుజు అంటే మనకు అంబాసిడర్, కాంటెస్సాల ఇంజనూ, ఇప్పుడు శ్రీసిటీలో తయారయ్యే పికప్‌లూ. అదే ఇసుజు 1968 నుంచి 1981 దాకా 117 కూపే అనే కారు అమ్మింది. గీసింది జొర్జెత్తో జుజారో. మొదట్లో బాడీలను చాలావరకు చేతిపనితోనే చేశారు. ఫోన్‌లో బొమ్మ చూపిస్తే కుర్రాడు చాలాసేపు తిరిగివ్వలేదు. "ఇది ఇసుజూనా అన్నా?" అని రెండుసార్లు అడిగాడు.

నాలుగో రోజు

పొద్దున్నే గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ. తర్వాత రోజంతా పని, రాసేంత అందమైన పని కాదు. పెట్రోల్ ట్యాంకులో చిన్న గులకరాళ్లు, డీజిల్ పోసి గంట సేపు ఊపి తుప్పు దులిపారు. బ్రేకు సిలిండర్లు లోపల గుంటలు పడ్డాయి. లేత్ మీద బోరు పెంచి, ఇత్తడి స్లీవ్ దించి, రబ్బర్లు సైజు చూసి కొత్తవి వేశారు. ఇంధన పంపు డయాఫ్రం ముట్టుకోగానే చిట్లింది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు దానికి ఆగదు. అందుకని డయాఫ్రంతో పాటు గొట్టాలన్నీ మార్పించాం. సోలెక్స్ కార్బరేటర్‌ను మేస్త్రి ఎవరికీ ఇవ్వలేదు. తన గదిలో న్యూస్‌పేపర్ పరుచుకుని, జెట్లు ఒక్కొక్కటి నోటితో ఊది, వెలుతురులో చూసి బిగించాడు.

రంగు వేద్దామా అని అడిగాడు. వద్దన్నాను. అందుకు ఆయన సంతోషించాడు.

రాత్రి మావయ్యకు ఫోన్ చేసి రేపు పొద్దున బస్సు ఎక్కమన్నాను.

ఐదో రోజు

మావయ్య తొమ్మిదింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పాత తాళం చెవి. ఆయనా మేస్త్రీ నమస్కారాలు పెట్టుకున్నారు. ఎక్కువ మాట్లాడుకోలేదు. ఒకరు మూడు దశాబ్దాలు కాపాడారు, ఒకరు మూడు రోజుల్లో నిలబెట్టారు. మాటల అవసరం కనపడలేదు.

సెల్ఫ్ కొడితే మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి ఒక తుమ్ము. మేస్త్రి డిస్ట్రిబ్యూటర్ వేలెడంత తిప్పాడు. మూడోసారి 948 సీసీ ఇంజన్ అందుకుంది. ముందు నల్లటి పొగ, తర్వాత నీలం పొగ, తర్వాత మెల్లగా సర్దుకున్న ఆ చప్పుడు. పక్క షెడ్డులో లారీ బాడీకి రివెట్లు కొడుతున్నవాళ్లు సుత్తులు ఆపి చూశారు. మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

కాగితాలు ఇంకా సరిచేయాలి. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఆ దరఖాస్తు నా బాధ్యత. అప్పటిదాకా పెద్ద రోడ్డు ఎక్కే ప్రశ్నే లేదు, గుంటూరుకు మళ్లీ వ్యాను మీదే. అందుకని షెడ్డు ముందు సందులోనే నడిపి చూద్దామని మేస్త్రి అన్నాడు. ఆ సందు ఒక చివర మూసుకుపోయి ఉంటుంది. మధ్యలో ఒక మినీ లారీ డ్రైవరు అప్పటికే నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ పోయి బండి తిప్పుకున్నాడు.

మావయ్య స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను పక్కన. మొదటి గేరులో సందు చివరిదాకా వెళ్లాం. బ్రేకు నొక్కి చూశాడు, ఆగింది. గోడ ఎదురుగా ఉంది.

"వెనక్కి రానివ్వండి మాస్టారూ, నేను చూస్తాను" అని కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

"అక్కర్లేదు బాబూ" అన్నాడు మావయ్య.

స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు. హెరాల్డ్ ముందు చక్రాలు మరే కారులోనూ చూడనంతగా అడ్డం తిరుగుతాయి. ఇరవై అయిదు అడుగుల వృత్తంలో కారు మొత్తం తిరిగిపోతుంది. లండన్ టాక్సీలకు పెట్టిన కొలత అది. గోడకు జానెడు దూరంలో ముందు బంపర్ జరిగింది. మురుగు కాలువ అంచు పక్క నుంచి చక్రం వెళ్లింది. ఒకే తిప్పుడు. కారు షెడ్డు వైపు ముఖం పెట్టింది.

కుర్రాళ్లు ఈలలు వేశారు. మావయ్య షెడ్డు దాకా వచ్చి ఆపకుండా మళ్లీ స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు.

"మీ అత్తయ్యకు వీడియో తియ్యరా" అన్నాడు.